వారానికి రెండు ఎపిసోడ్‌లు, మధ్యలో అయిదు రోజులు: కొరియన్ డ్రామా పట్టును సడలించుకోవడం ఎలా

ప్రసారంలో ఉన్న కొరియన్ డ్రామాను వారం వారం చూసేవారు, తమ సమయమంతా దానికే పోతోందని చెప్పుకోవడం ఇప్పుడు తెలుగు ఇళ్లలోనూ, ఆఫీసుల్లోనూ తరచుగా వినిపిస్తోంది. లెక్క వేసి చూస్తే ఆ మాట కొంత వింతగా తోస్తుంది. మామూలు కొరియన్ డ్రామాకు 16 ఎపిసోడ్‌లు ఉంటాయి. ఒక్కొక్కటి గంట నుంచి గంటా పది నిమిషాల వరకు సాగుతుంది. వారంలో వరుసగా రెండు రోజులు ప్రసారమై ఎనిమిది వారాల్లో కథ ముగుస్తుంది. అంటే వారానికి అయ్యే ఖర్చు సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలు. ఆదివారం పూట ఒక తెలుగు సినిమా చూసినా దాదాపు అంతే పడుతుంది, అయినా దాన్ని ఎవరూ వ్యసనమని అనరు.

మరి వారమంతా డ్రామాలోనే గడిచిపోయినట్టు ఎందుకు అనిపిస్తుంది? రెండో ఎపిసోడ్ ముగిసిన రాత్రి నుంచి మళ్లీ తరువాతి వారం ఎపిసోడ్ వచ్చేదాకా ఉన్న అయిదు రోజుల్లో ఏం జరుగుతోందో గమనిస్తే సమాధానం దొరుకుతుంది. తరువాతి ఎపిసోడ్ ప్రివ్యూను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూడటం, దాని మీద వచ్చిన ఊహాగానాల వీడియోలు, నటీనటుల ఇంటర్వ్యూలు, షూటింగ్ తెర వెనుక ముచ్చట్లు, రీల్స్, నచ్చిన సన్నివేశాన్ని మళ్లీ చూడటం, ఈ ఖాళీని భరించలేక ఇంకో డ్రామా మొదలుపెట్టడం, ఇవన్నీ అక్కడే పుడతాయి. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పద్ధతులు డ్రామాను మాన్పించడానికి కావు. ఎపిసోడ్‌ను ఎపిసోడ్‌గా చూసి, మిగిలిన అయిదు రోజులను తిరిగి స్వాధీనం చేసుకోవడానికి.

మొదట ఒక వారం కొలవండి

ఏ మార్పూ చేయకుండా ఒక వారం గడవనిచ్చి, ఆ తరువాత ఫోన్‌లో సమయం లెక్క చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్ అనీ, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనీ సెట్టింగ్స్‌లోనే ఈ వివరం ఉంటుంది. ఒక్కొక్క యాప్‌ను ఎంతసేపు వాడారో రోజుల వారీగా చూపిస్తుంది. డ్రామా చూసిన యాప్ సమయాన్ని ఒక పక్క, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ సమయాన్ని మరొక పక్క రాసుకోండి. టీవీలో చూసేవారికి ఫోన్ ఆ భాగాన్ని చూపించదు కనుక దాన్ని విడిగా కలుపుకోవాలి. ఆ రెండో పక్కన ఉన్నదంతా డ్రామాకు సంబంధించినదే కాకపోవచ్చు, కానీ యూట్యూబ్ హిస్టరీ తెరిస్తే ఎంత భాగం అదో నిజాయితీగా తేలిపోతుంది.

ఈ లెక్క ఎందుకంటే, సమస్య ఏ పక్కన ఉందో దాన్నిబట్టి చేయవలసిన పని మారుతుంది. ఎపిసోడ్‌ల సమయమే ఎక్కువగా ఉంటే మీరు ఒకేసారి మూడు నాలుగు డ్రామాలు నడుపుతున్నారని అర్థం. చుట్టూ ఉన్న వీడియోల సమయం ఎక్కువగా ఉంటే, నా అంచనాలో వారం వారం చూసేవారిలో అత్యధికుల పరిస్థితి ఇదే, అప్పుడు డ్రామా సంగతి పక్కన పెట్టి ఆ వీడియోల సంగతి చూడాలి.

ఆగలేకపోవడం వెనుక ఉన్న పనితనం

కథను సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలిసినవారు ఆపితే చూసేవారి మనసు అక్కడే నిలిచిపోతుంది. ఇది మనకు కొత్త కాదు. వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివిన తరానికి పేజీ అడుగున ‘సశేషం’ కనిపించగానే కలిగిన చికాకు గుర్తుండే ఉంటుంది. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాల్లో వచ్చిన రామాయణం, తరువాత ఏం జరుగుతుందో దేశంలో అందరికీ తెలిసిన కథ అయి ఉండి కూడా, జనాన్ని వారం వారం టీవీ ముందు కూర్చోబెట్టింది. అంటే ఎదురుచూపుకు రహస్యం కూడా తప్పనిసరి కాదు. నియమిత సమయం, తెగిన కథ, నలుగురూ కలిసి చూడటం ఉంటే చాలు.

బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త బెర్లిన్‌లో చేసిన ప్రయోగాల ఆధారంగా, పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆపించిన పనులే మనసులో ఎక్కువగా నిలుస్తాయని 1927లో ప్రకటించారు. ఆ తరువాత అదే ప్రయోగాన్ని చేసినవారందరికీ అదే ఫలితం రాలేదు కనుక దాన్ని సూత్రంలా పట్టుకోనవసరం లేదు. అయినా ఎపిసోడ్ ఎక్కడ ముగుస్తుందో గమనిస్తే రచయితలు ఈ సంగతిని ఎంత బాగా వాడుకుంటున్నారో కనిపిస్తుంది.

కొరియన్ డ్రామా ఎపిసోడ్ చివరి పది నిమిషాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ముందు ఒక నిజం బయటపడుతుంది, లేదా ఎవరో తలుపు తెరుస్తారు. పాట లేస్తుంది. ముఖం మీద చిత్రం నిలిచిపోతుంది. చాలా డ్రామాల్లో పేర్లు పడ్డాక ఒక చిన్న అనుబంధ సన్నివేశం వస్తుంది. అప్పటిదాకా చూసిన దానికి వేరే అర్థం ఇచ్చేలా, ఇద్దరూ అంతకుముందే ఎక్కడో కలుసుకున్నట్టు అది చూపిస్తుంది. ఆ వెంటనే తరువాతి ఎపిసోడ్ ప్రివ్యూ. ఇన్ని మెట్లు ఎక్కిన మనిషిని పైన వదిలేసి వెళ్లిపోతారు. పైగా ఇంకో సంగతి ఉంది: కొరియాలో భూతల ప్రసార చానళ్లకు, అంటే కేబుల్ లేకుండా యాంటెన్నాతో అందేవాటికి, 2021 జూలై వరకు కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వేసే అనుమతి లేకపోవడంతో, కొన్నేళ్లపాటు అవి ఒక్క ఎపిసోడ్‌నే రెండు ముక్కలు చేసి మధ్యలో ప్రకటన పెట్టాయి. అందుకే ఆ కాలపు డ్రామాలు కొన్ని జాబితాల్లో 32 ఎపిసోడ్‌లుగా కనిపిస్తాయి. అలా విడగొట్టిన చోట కూడా ఒక కొక్కెం పెట్టక తప్పదు కనుక, సుమారు 35వ నిమిషం దగ్గర ఒక చిన్న ఉత్కంఠ, చివర ఒక పెద్ద ఉత్కంఠ ఉండే కట్టుబాటు ఆ డ్రామాల్లో స్పష్టంగా తెలుస్తుంది.

ఇక పాత్రల మీద మమకారం. తెర మీది మనిషితో చూసేవారికి ఏర్పడే ఏకపక్ష స్నేహం గురించి డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1956లోనే రాశారు. ఎనిమిది వారాల పాటు వారానికి రెండు రోజులు కనిపించే మనిషి, నెలకోసారి ఫోన్ చేసే బంధువు కంటే దగ్గరివాడిగా అనిపించడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ మమకారమే లేకపోతే కథ చూడటం ఎందుకు?

ఎక్కడ ఆపాలి

ఉత్కంఠ ఉన్న చోట ఆపకుండా, అది తీరిన చోట ఆపడం అన్నిటికంటే పనికొచ్చే పద్ధతి. ఎపిసోడ్ చివర పెట్టిన చిక్కుముడి సాధారణంగా తరువాతి ఎపిసోడ్ మొదటి పది, పదిహేను నిమిషాల్లో విడిపోతుంది. చనిపోయాడేమో అనిపించినవాడు ఆసుపత్రిలో కళ్లు తెరుస్తాడు. తలుపు తీసినది పొరుగింటావిడ అని తేలుతుంది. ఆ తరువాత కథ కాస్త ఊపిరి పీల్చుకుని, ఇంట్లో భోజనాలు, ఆఫీసులో హాస్యం వంటి నెమ్మది సన్నివేశాల్లోకి వెళుతుంది. మీరు ఆపవలసిన చోటు అది.

అప్పటికే ముగిసిన డ్రామాను చూస్తున్నవారికి ఇది సులభం: మొదటి రోజు ఒక ఎపిసోడ్, దాని తరువాతి ఎపిసోడ్‌లో పదిహేను నిమిషాలు చూసి ఆపండి, మరుసటి రోజు అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ తరువాతి దానిలో పదిహేను నిమిషాల దగ్గర ఆపండి. మొదటి రోజు తప్ప రోజుకు అయ్యే సమయం మారదు, ఆపే చోటు మాత్రమే మారుతుంది. రాత్రి రెండింటి దాకా కూర్చునే అలవాటు ఉన్నవారికి తేడా త్వరగానే తెలుస్తుంది, ఎందుకంటే నెమ్మది సన్నివేశం మధ్యలో నిద్ర వస్తుంది, ఉత్కంఠ చివర రాదు.

ప్రసారంతో పాటు చూసేవారికి ఆ వెసులుబాటు లేదు. శని ఆదివారాల్లో వచ్చే డ్రామా అయితే, ఆదివారం ఎపిసోడ్ తరువాతిది ఇంకా రానే లేదు. వారికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, ఆ వారపు రెండో ఎపిసోడ్ చివరి పది నిమిషాలను వదిలిపెట్టి, తరువాతి వారం మొదటి ఎపిసోడ్‌తో కలిపి చూడటం. ఇది చెప్పినంత తేలిక కాదు, చాలామందికి సాధ్యపడదు కూడా. రెండో దారి మేలైనది: ప్రసారం కంటే రెండు వారాలు వెనుక నడవండి. డ్రామా మొదలైన మొదటి రెండు వారాలు ముట్టుకోకుండా ఉంటే నాలుగు ఎపిసోడ్‌లు చేతిలో ఉంటాయి. మూడో వారం నుంచి వారానికి రెండు చొప్పున చూడండి. అప్పుడు వారం వారం ఎదురుచూసే ఆనందం ఉంటుంది, తరువాతి ఎపిసోడ్‌లో ముడి విడిపోయేదాకా చూసి ఆపే వీలూ ఉంటుంది, ప్రివ్యూకు విలువ లేకుండా పోతుంది. పైగా ఆ డ్రామా నాలుగు ఎపిసోడ్‌లకే పేలవంగా తేలిందని స్నేహితులు చెబితే మీకు పదహారు గంటలు మిగిలిపోతాయి.

వారపత్రికల రోజుల్లో సీరియల్ పేజీలను చింపి, దాచి, నవల పూర్తయ్యాక బైండింగ్ చేయించుకుని ఒక్క ఊపున చదివిన పాఠకులు ఉండేవారు. అదే పద్ధతిని ఇప్పుడు కొందరు డ్రామాలకు వాడుతున్నారు. 16 ఎపిసోడ్‌లూ వచ్చేదాకా ఆగి శుక్రవారం రాత్రి మొదలుపెట్టి సోమవారం ఉదయానికి ముగిస్తారు. దీన్ని నేను ఎవరికీ సిఫార్సు చేయను. సుమారు పద్దెనిమిది గంటల కథను రెండున్నర రోజుల్లో మింగితే నిద్ర పోతుంది, కథా సరిగా గుర్తుండదు. వారం విరామం ఒక కంచె. ఓటీటీ సంస్థలు కూడా ఆ విరామం విలువను గుర్తించాయి: నెట్‌ఫ్లిక్స్ 2025 మార్చిలో ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్’ డ్రామాను 16 ఎపిసోడ్‌లూ ఒకేసారి ఇవ్వకుండా, 7వ తేదీ నుంచి 28వ తేదీ వరకు ప్రతి శుక్రవారం నాలుగేసి చొప్పున విడుదల చేసింది.

యంత్రం చేసే పనిని యంత్రం చేత మాన్పించండి

నెట్‌ఫ్లిక్స్‌లో ప్రతి ప్రొఫైల్‌కూ విడిగా ప్లేబ్యాక్ సెట్టింగ్స్ ఉంటాయి. బ్రౌజర్‌లో ఖాతా తెరిచి, మీ ప్రొఫైల్ ఎంచుకుని, అక్కడ రెండు టిక్కులు తీసేయండి: ఒకటి తరువాతి ఎపిసోడ్ తనంతట తాను మొదలయ్యేది, రెండోది జాబితా చూస్తుండగా ప్రివ్యూలు తమంతట తాము ఆడేవి. ఇంట్లో మిగిలినవారి ప్రొఫైల్‌లకు దీనివల్ల ఏ మార్పూ ఉండదు. వారం వారం చూసేవారికి రెండో టిక్కే ముఖ్యం, ఎందుకంటే వారి డ్రామాలో తరువాతి ఎపిసోడ్ ఎలాగూ లేదు. వారిని పట్టుకునేది పక్కన కదులుతూ కనిపించే కొత్త డ్రామా. యూట్యూబ్‌లో వీడియో పైనే ఆటోప్లే మీట ఉంటుంది, దాన్ని ఆపేయండి. డ్రామా ముక్కలు పెట్టే చానళ్ల నోటిఫికేషన్ గంట గుర్తును తీసేసి, సిఫార్సుల్లో వచ్చే వాటికి ఆసక్తి లేదని నొక్కుతూ పోతే కొన్ని రోజుల్లో ఆ వరద తగ్గుతుంది. ఒకే రోజులో తగ్గుతుందని మాత్రం ఆశించవద్దు.

అయిదు రోజుల ఖాళీ

ఇక అసలు విషయానికి వద్దాం. ఆదివారం రాత్రి ఎపిసోడ్ అయిపోయింది, శనివారం దాకా ఏమీ లేదు.

ప్రివ్యూ చూడకండి. ముప్పై సెకన్ల ఆ ముక్క తయారయ్యేదే పక్కదోవ పట్టించడానికి; ఒక సన్నివేశంలోని మాటను మరొక సన్నివేశంలోని ముఖం మీద అతికిస్తారు. అందులో విడాకుల కాగితం కనిపిస్తే, ఎపిసోడ్‌లో అది కల అయి ఉంటుంది. అలాంటి దాని గురించి అయిదు రోజులు తర్కించడం కంటే దాన్ని చూడకపోవడం తేలిక. పేర్లు పడటం మొదలవగానే రిమోట్ చేతిలోకి తీసుకోండి. అనుబంధ సన్నివేశం ఉన్న డ్రామా అయితే అది చూసి అక్కడ ఆపండి.

ఊహాగానాల విషయంలో ఒక వాస్తవం తెలిస్తే చాలావరకు చల్లబడుతుంది. ఒకప్పుడు కొరియన్ డ్రామాలు ప్రసారమవుతూ ఉండగానే స్క్రిప్టు రాసుకుంటూ, ఎపిసోడ్ వెళ్లే రోజు దాకా షూటింగ్ చేస్తూ ఉండేవి. ప్రేక్షకుల అలజడిని బట్టి కథ మలుపు తిరగడానికి అప్పట్లో అవకాశం ఉండేది. 2016లో వచ్చిన ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ చైనాలో కూడా అదే సమయానికి చూపించవలసి రావడంతో ప్రసారానికి ముందే మొత్తం చిత్రీకరణ పూర్తి చేసుకుంది. అప్పటి నుంచి ఆ పద్ధతి బాగా పెరిగింది. కాబట్టి రెండో హీరోకు అన్యాయం జరుగుతోందని మీరు బుధవారం రాత్రి పొద్దుపోయేదాకా ఎంత వాదించినా, ఆ అన్యాయం చాలాకాలం క్రితమే షూటింగ్ అయిపోయి ఉంటుంది.

దానికి బదులు ఒక మనిషికి కథ చెప్పండి. సోమవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సహోద్యోగికో, ఫోన్‌లో అక్కకో, ఆ వారం ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చెప్పండి. సినిమా చూసి వచ్చినవారు చూడనివారికి కథ చెప్పడం మన ఇళ్లలో పాత అలవాటే. నోటితో చెబుతున్నప్పుడు పాత్రల మధ్య సంబంధాలు మనకే స్పష్టపడతాయి, ఎక్కడ రచయిత బలవంతంగా లాగారో కూడా తెలిసిపోతుంది, మనసులో తిరుగుతున్నది బయటికి వచ్చి ఒక కొలిక్కి చేరుతుంది. ఇరవై రియాక్షన్ వీడియోలు చూసినా ఆ తృప్తి రాదు, ఎందుకంటే అక్కడ మాట్లాడేది మనం కాదు. ఇది ఒక్కరికి, ఒక్కసారి చాలు. వాట్సాప్ గ్రూపు పెడితే మళ్లీ మొదటికి వస్తుంది.

ఒక డ్రామా నడుస్తుండగా మరొకటి మొదలుపెట్టకపోవడం తరువాతి నియమం, ఇది అన్నిటికంటే ఎక్కువగా ఉల్లంఘించబడేది. కొరియన్ చానళ్లు సోమ మంగళ, బుధ గురు, శుక్ర శని, శని ఆది అని జంట రోజుల చొప్పున డ్రామాలను పంచుకుంటాయి. ఒక్కొక్క జంటకు ఒక్కొక్కటి పట్టుకుంటే వారంలో ఖాళీ రోజంటూ ఉండదు, వారానికి తొమ్మిది గంటలు దాటుతుంది, అప్పుడు వారం డ్రామా కాస్తా మన రోజువారీ సీరియల్ అయిపోతుంది. ఎదురుచూపు భరించలేక రెండోది మొదలుపెట్టినవారికి ఒక్క ఎదురుచూపు కాస్తా రెండు అవుతుంది తప్ప తగ్గదు.

సమయం గురించి కూడా ఒక మాట. కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు ఉంటుంది. అక్కడ రాత్రి తొమ్మిదికి మొదలయ్యే ఎపిసోడ్ మన సాయంత్రం అయిదున్నరకు సమానం. ప్రసారం ముగిసి సబ్‌టైటిల్స్‌తో ఓటీటీలోకి వచ్చేసరికి ఇక్కడ పిల్లల చదువులు, రాత్రి వంట జరిగే వేళ. డల్లాస్‌లో ఉన్న తెలుగువారికి వేసవిలో అదే ప్రసారం ఉదయం ఏడింటికి పడుతుంది. వచ్చిన నిమిషంలో చూడాలన్న పట్టుదల ఒక్కటి వదులుకుంటే చాలా ఇళ్లలో గొడవ సగం తగ్గుతుంది. రాత్రి భోజనాలయ్యాక టీవీలో, హాలులో, వీలైతే మరొకరితో కలిసి చూడండి. పడకలో ఫోన్ మీద చూడటం మానండి. ఎపిసోడ్ అయ్యాక ఫోన్ చేతిలోనే ఉంటుంది, మిగిలినదంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

సబ్‌టైటిల్స్‌తో చూస్తారా, తెలుగు డబ్బింగ్‌తోనా అన్నది కూడా చిన్న విషయం కాదు. సబ్‌టైటిల్స్ చదవాలంటే కళ్లు తెర మీదే ఉండాలి, కనుక చూసేటప్పుడు వేరే పని సాగదు, ఆ గంటకు ఒక హద్దు ఉంటుంది. తెలుగు డబ్బింగ్ అయితే చిక్కుడుకాయలు ఒలుస్తూ చెవితో వినవచ్చు, అందువల్ల అది వంటింట్లోకీ, బస్సులోకీ పాకుతుంది. అమ్మమ్మలకు డబ్బింగ్ వరమే, వారి ఆనందానికి నేను అడ్డు చెప్పను. కానీ చూసేది తగ్గించుకోవాలనుకునేవారు సబ్‌టైటిల్స్‌నే ఎంచుకోవడం మంచిది. ఒకటిన్నర వేగంతో చూసి సమయం ఆదా చేశామనుకునేవారు కూడా ఉన్నారు. మౌనంగా నిలబడిన రెండు ముఖాల మీద నడిచే కథను పరిగెత్తించి చూడటం కంటే అసలు చూడకపోవడమే గౌరవం.

విరామపు వారాలు

కొత్త సంవత్సరానికి, చాంద్రమాన కొత్త సంవత్సరానికి, పెద్ద క్రీడా పోటీలకు ప్రసారం ఆగడం మామూలే. ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ 2019 డిసెంబరు 14న మొదలై 2020 ఫిబ్రవరి 16న ముగిసింది. ఎనిమిది వారాల్లో పూర్తి కావలసిన 16 ఎపిసోడ్‌లకు పది వారాలు పట్టింది, ఎందుకంటే మధ్యలో రెండు వారాంతాలు కొత్త ఎపిసోడ్‌లు రాలేదు. చూసేవారికి ఎక్కువగా చికాకు కలిగేది ఇలాంటి వారాల్లోనే, అప్పటిదాకా పెట్టుకున్న నియమాలన్నీ కూలేది కూడా అప్పుడే. ఆ వారాంతానికి ముందుగానే వేరే పని పెట్టుకోండి: వాయిదా వేస్తున్న ఊరి ప్రయాణం, సినిమా, చుట్టాలింటికి వెళ్లడం, ఏదైనా సరే. విరామం వచ్చినప్పుడు తెలుసుకుని బాధపడటం కంటే, డ్రామా మొదలుపెట్టేటప్పుడే తేదీలు చూసుకోవడం మేలు.

ఇంట్లో మరొకరు పట్టుబడి ఉంటే

వైఫై ఆపేయడం, కథ చివర ఏమవుతుందో కావాలని చెప్పేయడం, ఎగతాళి చేయడం, ఈ మూడూ పనిచేయవు. అవతలివారు చూడటం మానరు, మీకు తెలియకుండా చూడటం నేర్చుకుంటారు. రోజంతా ఇంటి పనిలో ఉన్న మనిషికి ఆ గంట తనదంటూ ఉన్న ఒకే ఒక్క గంట కావచ్చు, దాన్ని లాక్కునే ముందు బదులుగా ఏమిస్తున్నామో ఆలోచించాలి. వారితో పాటు ఒక ఎపిసోడ్ కూర్చుని చూసి, ఎవరు ఎవరికి ఏమవుతారని అడిగితే మాట మొదలవుతుంది. వారానికి ఒకటే డ్రామా, హాలులోనే, రాత్రి పదిన్నర లోపల అన్న ఒప్పందం ఆ మాటల్లోనే కుదురుతుంది. పరీక్షల ముందు పిల్లల విషయంలో అయితే రెండు వారాలు వెనుక నడిచే పద్ధతిని కాస్త సాగదీసి, పరీక్షలయ్యేదాకా ఎపిసోడ్‌లను పోగుచేసి ఉంచడం సులువు; చూడవద్దనడం కంటే ఫలానా రోజు నుంచి చూడవచ్చనడం వారికి మింగుడు పడుతుంది.

ఇంతవరకు చెప్పినవి అలవాటుకు సంబంధించినవి. నిద్ర వారాల తరబడి చెడిపోవడం, ఉద్యోగంలోనో చదువులోనో నష్టం జరగడం, ఎంతసేపు చూస్తున్నారో ఇంట్లోవారికి అబద్ధం చెప్పవలసి రావడం, ఒక దుఃఖాన్నో భయాన్నో తలచుకోకుండా ఉండటానికే తెర ముందు కూర్చోవడం, ఇవి కనిపిస్తే సంగతి వేరు. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలో వీడియో గేముల వ్యసనం ఉంది కానీ డ్రామాలు చూడటం రోగంగా లేదు. కాబట్టి మీకు మీరే ఒక రోగం పేరు పెట్టుకోనవసరం లేదు. అయితే డ్రామా వెనుక దాక్కున్న కుంగుబాటో ఆందోళనో నిజమైనదే కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో తెరల వాడకం అదుపు తప్పినవారి కోసం ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది.

చివరి ఎపిసోడ్ తరువాత, మళ్లీ మొదలుపెట్టే ముందు

పదహారో ఎపిసోడ్ అయిపోయిన రాత్రి ఒక వెలితి ఉంటుంది. ఆ రాత్రే కొత్త డ్రామా తెరవకండి. ఆ నటుడో నటో చేసిన పాత డ్రామాలన్నీ వరుసగా చూడాలన్న కోరిక కూడా అప్పుడే పుడుతుంది. ఒక్కొక్కటి పద్దెనిమిది గంటలని గుర్తుచేసుకుంటే కొంత తగ్గుతుంది. కనీసం రెండు వారాంతాలు ఖాళీగా వదలండి. ఆ ఉత్సాహం వృథా కాకూడదనుకునేవారు కొరియన్ లిపి నేర్చుకోవచ్చు: 1446లో సేజోంగ్ రాజు ప్రజలకు అందించిన ఆ లిపికి ఇప్పుడు మూల అక్షరాలు 24 మాత్రమే, గుణింతాలతో పెరిగిన మనకు అచ్చునూ హల్లునూ కలిపి ఒక గుంపుగా రాసే దాని పద్ధతి త్వరగా పట్టుబడుతుంది. తెర మీద దుకాణాల బోర్డులు చదవగలిగిన రోజు కలిగే సంతోషం ఏ ప్రివ్యూ ఇవ్వలేదు.

తరువాతి డ్రామాను ఎంచుకునేటప్పుడు మొదటి వారం సందడిని నమ్మకండి. 2022లో ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ మొదటి ఎపిసోడ్‌కు కొరియాలో వచ్చిన రేటింగ్ ఒక్క శాతం కూడా లేదు, చివరి ఎపిసోడ్‌కు అది 17 శాతం దాటింది. ఆలస్యంగా మొదలుపెట్టినవారు పోగొట్టుకున్నది ఏమీ లేదు. మొదలుపెట్టే ముందు ఎన్ని ఎపిసోడ్‌లో చూడండి, ఎందుకంటే ఈ మధ్య 12 ఎపిసోడ్‌లలో ముగిసేవి బాగా పెరిగాయి, అవి ఆరు వారాల్లో అయిపోతాయి. ఏ రోజుల్లో వస్తుందో చూసి, మీకు మరుసటి ఉదయం తొందర లేని రోజులదాన్ని ఎంచుకోండి. ముగింపు తేదీని కాలెండరులో రాసుకుని, దానికి రెండు వారాలు కలిపితే మీరు చూసి ముగించే తేదీ వస్తుంది. ఆ తేదీ ఇంట్లో పెళ్లి మీదో, ఆఫీసులో ఏడాది లెక్కల మీదో పడుతుంటే ఆ డ్రామాను ఇప్పటికి జాబితాలోనే ఉంచి, తరువాత వచ్చేదాన్ని చూడండి.